కేజన్ బియ్యం కడిగిన నీళ్ళు

హలో… ఆ, నేనే, సొన్నప్పని. ఊరిగాం నుంచి నీకు ఇంగెవరు చేస్తారు ఫోను?

…ఎందుకంటే? చెయ్యకూడదా? నా పెండ్లానికి నేను ఫోను చేసేదానికి ఎవరినన్నా అడగాల్నా?

…లేదు, ఒంట్లో బాగానే ఉండాది. సుమ్నే, ఊరికే చేసినా. నువ్వు పుట్టింటికి పోయి తొమ్మిది దినాలయింది కదా, కామసముద్రంలో వాన పడిందా, మీ పట్టుపురుగులు ఆకు బాగా తింటాండాయా, అని…

…పురుగుల మీద నాకు ప్రేమ ఉండకూడదా ఏమి?

…మెల్లగా ఏం మాట్లాడలేదు. గొంతే అట్లుండాది.

…మీ అన్నా? ఆ, వచ్చినాడు. పదకొండుకే వచ్చేసినాడు చిక్కవెంకటప్ప బావ. ముందర రూములో కూచోనుండాడు. నేను వంటింట్లో ఉండా. ఆయన చెవిలో పడకూడదనే ఇట్ల…

…ఏమీ కాలేదంటాండా కదా. ఉప్పు డబ్బా యాడుండాదో అడుగుదామని చేసినా. అంతే.

…ఎదురుగానే ఉండాదా. …ఆ. కనపడింది.

…పెట్టెయ్యొద్దు. ఉండు. ఒక్క నిమిషం ఉండు, తాయమ్మా.

…పందెం నాకు బాగా గుర్తుండాది. నువ్వు చదివి వినిపించాల్సిన పని లేదు. ఈ పూట ఆ పాకెట్టు అన్నం నేను వండాల, మీ అన్న తినాల. బాగుండాదని ఆయన నోటితో అంటే నిన్ను పంపిచ్చేస్తారు, నేనెవరినీ అడుక్కోవాల్సిన పని లేదు. బాగాలేదంటే నేను కామసముద్రం వచ్చి, మీ అమ్మ ముందర, మీ వీధి జనం ముందర నిలబడి 'తప్పు నాదే' అనాల. …మీ అమ్మ అక్కయమ్మ పెట్టిన పందెమే కదా. పోలీసు ఇన్‌స్పెక్టరు కావాల్సిన మనిషి, పట్టుపురుగుల దగ్గర ఉండిపాయ.

…నేనెందుకు ఓడిపోతానే? పదిహేనేండ్లు బంగారు గనిలో, భూమి కింద పనిచేసినోణ్ణి. పైన రాయి, కింద రాయి, నడుమ నేను. పాకెట్టు చించేదానికి భయపడతానా?

…పాకెట్టు మీద కోపం నాకూ ఉండాది. అనాల్సింది నాకు పనిచ్చిన ఆ గోడౌనోళ్ళని. లోకంలో అందరూ దసరాకి స్వీటు బాక్సు ఇస్తే, మావాళ్ళు తేదీ దగ్గర పడిన సరుకు చేతిలో పెడతారు. అందులో నా తలరాతకి ఈ అమెరికా కేజన్ రైసు డబ్బానే రావాల్నా? పన్నెండు పాకెట్లు. నా పక్కన నిలబడిన ఓబలప్పకి బిస్కెట్లు వచ్చినాయి. వానింట్లో గొడవే లేదు చూడు.

…సరే, గొడవ నేనే చేసినా. లేదంటానా. కానీ నువ్వు చేసిందేమి? బియ్యంలోనే మసాలా కలిపి పెట్టినారు వాళ్ళు. నువ్వు దాన్ని మూడు నీళ్ళు కడిగి, మసాలా అంతా మోరీలో పోసి, తెల్లన్నం వండి నా ముందర పెట్టినావు. నేను ఒక మాట అనకూడదా?

…కొళాయి దగ్గర అన్నా. నిజమే.

…నలుగురుండారు. నిజమే.

…'అమెరికావాడు కష్టపడి కలిపిన మసాలాని మా ఇంటిది ఊరిగాం మోరీకి తాగిపించింది' అన్నా. అంతే కదా అన్నది. పక్కింటి గురువమ్మ నవ్వితే నేనేం చేసేది?

…'మోరీ తాయమ్మ' అని పేరు పెట్టింది నేను కాదు. అది ఆడ నీళ్ళకి నిలబడిన పిల్లప్ప పెట్టినాడు. …నేను నవ్వినానా? …కొంచెం నవ్వింటా.

…లేదు లేదు, పెట్టెయ్యొద్దు. మాట మార్చేస్తా. ఇది విను. వినపడతాందా? ఉడుకుతాండాది.

…బాగానే ఉడుకుతాండాది. కష్టమేముండాది ఇందులో? మా సూపర్‌వైజర్ అట్ట మీద ఉండేదంతా చదివి చెప్పినాడు. ఒక పాకెట్టు, రెండున్నర కప్పు నీళ్ళు, ఒక చెంచా వెన్న. మూత పెట్టు, సన్నమంట, ఇరవైఅయిదు నిమిషాలు. చేతులు లేనోడు కూడా చేస్తాడంట. అమెరికాలో ఏదో బురదనేల ఉండాదంట, మొసళ్ళు తిరిగే చోటు, ఆడి జనం తినేదంట ఇది. మొసళ్ళ నడుమ వాళ్ళు వండుకుంటాంటే, కొళాయి పక్కనుండే మనకి రాదా?

…రంగా? రంగెందుకు ఇప్పుడు?

…అట్ట మీద ఎర్రగా ఉండాది. రొయ్యలుండాయి, పచ్చగా ఏవో ఆకులుండాయి.

…నాదా? నాది… ఆవిరి పట్టి సరిగా కనపడలేదు.

…ఊదినా. కనపడింది. …తెల్లగుండాది.

…

…హలో? …తాయమ్మా? ఉండావా?

…ఏమో, ఎందుకుండాదో. ఈ పాకెట్టులో మసాలా తక్కువ వేసినారేమో. తేదీ దగ్గర పడితే రంగు దిగిపోతుందేమో.

…కడగలేదు.

…కడగలేదంటాండా.

…మీ అమ్మ మీద ఒట్టా? మీ అమ్మ మీద ఎందుకులే. …నేను కడగలేదే. చెయ్యి కడిగింది. గిన్నెలో బియ్యం పడంగానే చెయ్యి దాని పాటికి అదే కొళాయి కిందికి పోయింది. నేను చూస్తానే ఉండా. చిన్నప్పటినుంచి మా అమ్మ పెట్టిన అలవాటు, బియ్యమంటే మూడు నీళ్ళు…

…ఆ, మూడూ పోసినా. మూడో నీళ్ళు పోసేటప్పుడు తెలివొచ్చింది.

…నవ్వు.

…నవ్వుకో. తొమ్మిది దినాలది అంతా నవ్వేసెయ్.

…అయిందా? …ఇంగా ఉండాదా. సరే.

…ఎవరితో చెబుతాండావు? ఎవరా మాట్లాడేది? …బర్రెతోనా. సరే. బర్రెతో చెప్పుకో. మీ అమ్మకి చెప్పొద్దు. …మల్బరీ తోటకి పోయిందా. దేవుడుండాడు.

…ఇంగేముండాది. ఇప్పుడే మీ అన్నకి ఫోను చేసి చెప్పెయ్. పందెం ఈడికీడే అయిపోతుంది.

…చెప్పవా?

…ఎందుకు చెప్పవు?

…సరే సరే. అడగను. గమ్మునుంటా.

—ఏం బావా? …ఆ, అయిపాయ, అయిదు నిమిషాలు. …ఎవరితోనా? పాకెట్టు కంపెనీవాళ్ళతో మాట్లాడతాండా బావా. ఎట్ల వండాలో ఏమైనా అనుమానముంటే ఫోను చెయ్యమని అట్ట మీద నంబరు ఇచ్చినారు. …ఆ, అమెరికా. …తెలుగులోనే మాట్లాడతారు బావా, ఇప్పుడంతా.

…నవ్వొద్దే, వినపడుతుంది ఆయనకి.

…'నమస్కారం, కంపెనీ నుంచి మాట్లాడతాండాము' అని అనాల్సిన పని లేదు. చెప్పు, ఇప్పుడేం చేసేది? మీ అన్న పస్తుతో వచ్చినట్టుండాడు. రెండుసార్లు అన్నం తట్ట మోగించినాడు.

…కడిగిన నీళ్ళా? ఉండాయి. పారబోయలేదు. మోరీ పూడిపోయి ఆరు దినాలయింది, తీసేవాడు లేడు. అందుకని మూడు నీళ్ళూ బేసిన్‌లోనే పోసి పెట్టినా.

…ఎర్రగా ఉండాయి. బాగా ఎర్రగా. అట్ట మీద ఉండాల్సిన రంగంతా ఈడే ఉండాది.

…వాసనా? …వెల్లుల్లి వాసన. మిరియాలు. ఇంగేదో పొగవాసన. ముక్కులో పోయింది, ఉండు… హాచ్.

…పారబోయొద్దా? ఎందుకు?

…చారా?

…బియ్యం కడిగిన నీళ్ళతో మీ అమ్మ చారు పెట్టేది నాకు తెలుసు, పెండ్లయిన కొత్తలో తినింటి. కానీ ఇది కేజన్ కదే. …కేజన్ అయితే ఏమి, నీళ్ళు నీళ్ళేనా. అదీ నిజమే.

…చింతపండు యాడుండాది? …జాడీలో. …ఏ జాడీ? మూడుండాయి. …కదిలిస్తే శబ్దం రానిది. సరే, దొరికింది. నిమ్మకాయంతా. మీ ఊరి నిమ్మకాయా, మా ఊరి నిమ్మకాయా? …సరే, తిట్టొద్దు, కంపెనీవాళ్ళు తిట్టరు.

…ఆవాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు. కరివేపాకు లేదు. …గురువమ్మ పెరట్లో ఉండాది. వద్దులే, ఆమె అడుగుతుంది, ఎందుకని. …సరే, లేకుండానే పెడతా.

…నూనె పోసినా. కాగింది. ఆవాలు వేస్తాండా…

…

…హలో. ఆ, ఉండా. బయట ఉండా, వాకిట్లో.

…ఆవాలు పేలినాయి కదా. గనిలో మందు పేలినాక పొగ పోయేదాకా లోపలికి పోకూడదు. పదిహేనేండ్ల అలవాటు, కాలు దాని పాటికి అది బయటికి వచ్చేసింది. …మాడిపోతుందా? పోతాండా, పోతాండా.

…నల్లగయింది. కొంచెమే. …నీళ్ళు పోసినా. సుయ్యిమంది, విన్నావా? …చింతపులుసు పోసినా. …ఉప్పు వెయ్యొద్దా? ఆ, వాళ్ళే వేసింటారు కదా. చూడు, ఇది నేను ఆలోచించలేదు.

…చారు సరే. ఈ అన్నం సంగతేంది?

…ఏముండాది, మెత్తగుండాది. …మెత్తగంటే, గింజ లేదు. …గంజి మాదిరుండాది అనుకో. గరిటెతో ఎత్తితే జారిపోతాండాది.

…రెండున్నర కప్పే పోసినా. ఒట్టు.

…కప్పంటే కప్పే. ఏ కప్పంటే… మా నాయన మగ్గు. మైన్స్ లోపలికి టీ తీసుకోని పోయేవాడే, ఆ ఎనామిల్ మగ్గు.

…లీటరు పట్టదు. …ముప్పాతిక పడుతుందేమో. …వాళ్ళు ఏ కప్పో రాయాల కదా మరి. కప్పు కప్పు అని రాసేస్తే అయిపాయనా? ఈ చదువుకున్నోళ్ళంతా ఇంతే. మైన్స్ మూసేసేటప్పుడు కూడా ఇట్లే, సగం రాసినారు, సగం రాయలేదు, మనం పడినాము గుంతలో…

…సరే, మైన్స్ వద్దు. ఇప్పుడు మైన్స్ వద్దు. గంజి సంగతి చెప్పు.

…సంగటా?

…కేజన్‌లో రాగిపిండి పోస్తారా యాడన్నా? అమెరికావాడు చూస్తే గుండె ఆగి చస్తాడు.

…నిజమే, అమెరికావాడు తినేదానికి రాలేదు. మీ అన్న వచ్చినాడు.

…నూకలు ఉడికించినట్టే ఉండాదా. సగం సంగటి నేనే చేసేసినానా తెలియకుండా. ఊఁ. అట్ల చెబితే బాగుండాది వినేదానికి.

…పిండి పోసినా. ఎంతనేది చెప్పలేను, సంచి ఒంచితే వచ్చింది వచ్చింది. …కలపకూడదా? …నడుమ తెడ్డుతో బొక్క పెట్టి మూత పెట్టాల్నా. సరే. …పది నిమిషాలా? మీ అన్న అన్నిసేపు ఆగడు.

—బావా, ఇంగ పది నిమిషాలు. దమ్ముకి వేసినా. …దమ్మే బావా, కేజన్‌కి దమ్ము ఉండాల. కంపెనీవాళ్ళు ఒత్తి చెబుతాండారు. …పురుగులకి సాయంత్రం ఆకు వేసేపాటికి నిన్ను పంపిచ్చేస్తా, నువ్వు నిమ్మళంగా ఉండు.

…తాయమ్మా.

…ఏమీ లేదు. ఒకటి అడగతా, కోపం చేసుకోవద్దు. నీకు నేను ఓడిపోతేనే కదా బాగుండేది? వీధి వీధంతా చూస్తాంటే నేను మీ అమ్మ ముందర తలొంచుకోని నిలబడేది నువ్వు చూడొచ్చు కదా. మరి నువ్వెందుకు నాకు చెప్పిస్తాండావు?

…

…పొయ్యి చూసుకోవాల్నా. సరే. చూసుకుంటాండా.

…మూత తీసినా. ఆ. ఇప్పుడు గెలకాల. సంగటి తెడ్డు యాడ? …తలుపు వెనకాల. దొరికింది.

…నేలమీద పెట్టినా. రెండు కాళ్ళతో గిన్నె పట్టుకున్నా. రెండు చేతులతో తెడ్డు పట్టుకున్నా. భుజంతో నిన్ను పట్టుకున్నా. ఇంగ మిగిలింది నోరొకటే, అది మాట్లాడతాండాది.

…గట్టిగానే గెలకతాండా. …ఇది నువ్వు దినామూ చేస్తావా? దినామూనా? …చెయ్యి లాగేస్తాండాది. రాయి కొట్టినా ఇంత నొప్పి లేదే.

…ముద్దయింది. అవునే, ముద్దయింది. చెయ్యి తడుపుకోని ఉండ చేస్తాండా. …గుండ్రంగా లేదు. ఒక పక్క బోరేసిన మాదిరుండాది. పరవాలేదు, కడుపులో పోయేదానికి గుండ్రమెందుకు.

…విను. ఫోను జేబులో పెడతా. పెట్టెయ్యొద్దు. నువ్వే విను, మీ అన్న నోటితో ఏమంటాడో. దగ్గొద్దు.

—రా బావా. కూచో. …ఇదే బావా, కేజన్. …అట్ట మీద పొడిపొడిగా ఉండాదంటే, అది ఫోటో కోసం పెట్టినారు. తినేది ఇట్లే తినాల. …ఎర్రగా ఉండాల్సింది ఇదో, చారులో ఉండాది. …రొయ్యలా? రొయ్యలు వాళ్ళ బురదలో ఉండాయి, మన బేత్మంగలం చెరువులో నేనేడ తేవాల?

—ముద్ద తుంచుకో. అద్దుకో. …మింగెయ్. నమలొద్దు బావా, ఎప్పుడన్నా సంగటి నమిలినామా మనం?

—…నీళ్ళా? ఇదో. …కారమే బావా. అది మన కారం కాదు, వాళ్ళ కారం. ఒకసారి తగిలినాక పోదు, కొంచెంసేపు కూచోనుంటుంది. …ముక్కు తుడుచుకో, ఏం కాదు.

—…ఇంగో ముద్ద వెయ్యనా? …వేస్తాండా.

…తాయమ్మా, రెండో ముద్ద. ష్.

—…చారు గ్లాసులో పోయాల్నా? తాగుతావా? తాగు బావా. …ఊఁ. …ఊఁ. …మూడో ముద్దా?

—…ఎట్లుండాది బావా? …వినపడలేదు. ఈ పక్కకి తిరిగి చెప్పు. జేబు దిక్కు… ఈ దిక్కు. …బాగుండాదా? ఇంగోసారి అను. …బ్రహ్మాండంగా ఉండాదా. అంత మాటెందుకులే బావా, బాగుండాదంటే చాలు.

…విన్నావా మే? విన్నావా? బ్రహ్మాండమంట. మీ అన్న నోటితో. గెలిచిందెవరు? …సరే, చారు నీదే. సంగటి కూడా నీదే. గెలికింది నేను కదా. …నువ్వు ఇంగ సంచి ఎత్తుకో. రేపు ఆదివారం, నాకు రేపు కూడా లీవు…

—ఏం బావా? చెప్పు, చెప్పు. …ఆ.

—…ఏమంటివి?

—…నాకు ఇంత బాగా వంట వస్తాంటే తాయమ్మ ఈడికి వచ్చి ఏం చెయ్యాలంటావా?

—…ఆకు కోసేదానికి ఆడ చేతులు తక్కువగుండాయా. …ఉండింటాయి బావా, లేదంటానా. …ఎన్ని దినాలు? …రెండు పంటలా? రెండు పంటలంటే ఎప్పటికి? …ఉగాదికా?

—దసరా ఇప్పుడే కదా బావా పోయింది. ఉగాది యాడుండాది?

—పందెం అట్ల కాదు కదా. బాగా వండితే పంపిస్తామని అక్కయమ్మత్త చెప్పింది. …పంపిస్తారు, ఎప్పుడని చెప్పలేదు. …అవును, చెప్పలేదు. నేను అడగలేదు. …నువ్వు తిను బావా. తిను. కొంచెం ఉండు, కంపెనీవాళ్ళు లైన్లో ఉండారు.

…విన్నావా మీ అన్న మాట?

…నవ్వుతాండావా? …నవ్వలేదా. మరి ఆ శబ్దమేంది? …బర్రెనా.

…నువ్వూ అట్లే అంటాండావా? ఉగాది దాకా ఉండిపోతావా?

…'నీకు వంట వచ్చేసింది కదా' అంటే ఏం చెప్పేది నేను? మే. ఇది వంటా? దీన్ని వంటంటారా?

…ఏదన్నా చెప్పు.

…నేను చెప్పాల్నా.

…చెప్పేదానికేముండాది. తెల్లారి నాలుగున్నరకి లేస్తా, రైలెక్కి గోడౌనుకి పోతా. వస్తా. వచ్చి తాళం నేనే తియ్యాల. ఇరవైరెండేండ్లలో ఈ ఇంటికి తాళమనేది ఒకటుండాదని నాకు తెలియదు. మొదటి దినం తాళంచెవి లేక గురువమ్మోళ్ళ అరుగు మీద పండుకున్నా. …ఎవరితో చెబుతా? నీకు చెప్పేదానికి నువ్వు లేవు కదా.

…తినింది? ఏం తింటా. ఓబలప్ప బిస్కెట్లు తిన్నా.

…సరే. ఉండు. పెట్టెయ్యొద్దు. జేబులో కాదు, చేతిలోనే పెట్టుకుంటా. విను.

—బావా. ఒక మాట. …చెయ్యి కడుక్కోని విను, లేకుంటే తింటానే విను. ఫోన్లో ఉండేది కంపెనీవాళ్ళు కాదు. నీ చెల్లెలు.

—…మొదటినుంచీ ఆమే. చారు ఆమె చెప్పిందే, సంగటి ఆమె చెప్పిందే. నాకు వంట రాదు బావా. నాకు ఉప్పు డబ్బా ఎదురుగుంటే కూడా కనపడలేదు.

—…అది కాదు. ఇంగోటి ఉండాది. నేను కూడా కడిగినా. ఆ బియ్యాన్ని. మూడు నీళ్ళు. …నువ్వు తాగిన చారు అదే. …అవును, గ్లాసులో పోసుకున్నది.

—…నవ్వు. నువ్వూ నవ్వు. అన్నాచెల్లెలు ఇద్దరూ ఒకే మాదిరి నవ్వుతారు, గుక్క తిప్పుకోరు. …పొలమారింది. నీళ్ళు తాగు.

—…ఆ. ఓడిపోయినా. ఒప్పుకుంటా. …ఇప్పుడేనా? నీతోనే రావాల్నా? …రెండున్నర బస్సా. సరే. చొక్కా మార్చుకుంటా.

…తాయమ్మా. విన్నావు కదా. వస్తాండా.

…ఎందుకు తిడతాండావు? నిజం చెబితే కూడా తప్పేనా?

…ఏమి? సంచి సర్ది పెట్టుకున్నావా? ఎప్పుడు? …మొన్నేనా?

…అన్న ఏమన్నా రేపు వచ్చేస్తాంటివా? మరి ఆ మాట చెప్పేది లేదా? నేను నోరు తెరవకముందు చెప్పుంటే ఏం పోయేది? ఇప్పుడు చూడు, గెలిచిన పందెం నేనే ఓడిపోతి. లోకంలో ఇంగెవడన్నా ఉండాడా, కడుపు నిండా పెట్టి, బ్రహ్మాండమనిపించుకోని, ఓడిపోయినోడు?

…వెనక్కి తీసుకునేదానికి లేదులే. మీ అన్న అప్పుడే ఇంటికి ఫోను చేస్తాండాడు తన ఫోన్లో. మీ అమ్మ తోటలోనుంచి వచ్చేసినట్టుండాది, ఆమె నవ్వు ఈడికి వినపడతాండాది.

…ఏమి? ఇప్పుడే చెప్పి చూపించాల్నా? ఎందుకు? …ఆడ తడబడతానా. సరే, విను.

…'అక్కయమ్మత్తా, ఈ గోడౌనోళ్ళు తేదీ అయిపోయే సరుకు ఇచ్చి…'

…గోడౌను వద్దా.

…'మైన్స్ మూసేసినప్పటినుంచి నా తలకాయ సరిగా…'

…మైన్స్ కూడా వద్దా.

…'కప్పు ఎంతనేది ఆ కంపెనీవాడు…'

…కంపెనీ వద్దు. పిల్లప్ప? …వాడూ వద్దా. ఇవన్నీ తీసేస్తే ఇంగేం మిగిలిందే చెప్పేదానికి?

…అంతేనా?

…

…తప్పు నాదే. తాయమ్మని అట్ల అనకూడదు. నలుగురిలో అసలు అనకూడదు. ఆ బియ్యం చేతిలో పడితే నేనయినా అదే చేసింటా. చేసినా.

…హలో?

…ఉండావా? …ముక్కు చీదుతాండావా? …జలుబా. సరే. జలుబే అనుకుంటా.

…చెప్పేసినా కదా, ఇంగ అయిపాయ. ఆడికి వచ్చి ఊరికే కాఫీ తాగి, నిన్ను పిలుచుకోని…

…ఆడ ఇంగోసారి చెప్పాల్నా?

…ఎంతమంది ఉంటారు? …అంతమందా? మీ వీధిలో అన్ని ఇండ్లు లేవే. …పక్క వీధివాళ్ళు కూడా వస్తాండారా. ఎవరు పిలిచినారు? …సరే, మీ అమ్మ.

…సొన్నమ్మక్క వచ్చేసింది. బచ్చప్ప మామ వచ్చేసినాడు. ఇంగ?

…మీ చిన్నవెంకటమ్మ పెద్దమ్మా? ఆమెని ఎందుకు కూచోపెట్టినారు? ఆమెకి రెండు చెవులూ వినపడవు కదా.

…

…గట్టిగా చెప్పాల్నా.

…బస్సు దిగంగానేనా. …సరే. గట్టిగానే చెబుతా. పెట్టేస్తాండా.